మిగిలిన దారం చెప్పే లెక్క

అల్లికపని చేసే ప్రతి ఇంట్లోనూ ఒక పాత డబ్బా ఉంటుంది. ఒకప్పుడు అందులో బిస్కట్లు ఉండేవి. ఇప్పుడు దారపు ఉండలు ఉంటాయి. పెద్ద ఉండలు కావు. స్వెట్టరు అయిపోగా మిగిలిన గుప్పెడు నీలం, టోపీ అయిపోగా మిగిలిన చారెడు ఎరుపు, దేనికోసం కొన్నారో ఎవరికీ గుర్తులేని పసుపు. ఏ ఒక్కదానితోనూ ఒక వస్తువు పూర్తికాదు. పారేద్దామంటే మనసొప్పదు.

పిల్లలూ! ఆ డబ్బా మీకు ఇమ్మని అమ్మనో అమ్మమ్మనో అడగండి. దానితోపాటు ఒక కొక్కెంసూది కూడా అడిగి తీసుకోండి. ఈ రెండూ ఉంటే చాలు, మీరొక కొత్త అల్లిక నేర్చుకోవచ్చు. ఆ అల్లిక అడుగున ఒక గొప్ప లెక్క దాగి ఉన్నది. రెండు వేల సంవత్సరాలపాటు గణితశాస్త్రజ్ఞులను తికమకపెట్టిన లెక్క అది.

ఈ కొక్కెం అల్లికను క్రోషే అంటారు. క్రోషే అంటే ఫ్రెంచి భాషలో చిన్న కొక్కెం అని అర్థం. స్వెట్టరు అల్లడానికి రెండు సూదులు కావాలి. దీనికి ఒక్కటే చాలు, దాని కొన కొద్దిగా వంగి ఉంటుంది. "ఇది ఆడపిల్లల పని" అని మగపిల్లలు పక్కకు తప్పుకోవద్దు. మన సముద్రతీరంలో వల అల్లుకునే, చినిగిన వలను బాగుచేసుకునే మత్స్యకారుల చేతుల్లో ఉన్నదీ ఇటువంటి విద్యే. దారానికి ఆడా మగా తెలియదు.

ముందు దారాలు ఏరుకుందాం. ఒకే లావు ఉన్న ముక్కలను ఒకచోట చేర్చండి. నూలుదారాన్ని నూలుతోనూ, ఊలుదారాన్ని ఊలుతోనూ ఉంచండి. రెండూ కలిపితే, ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుపోయి, రెండవది అట్లాగే ఉండి, అల్లిక వంకర తిరుగుతుంది. ముదురు రంగు దారాన్ని తడిపి ఒక తెల్లగుడ్డ మధ్య నొక్కి చూడండి. గుడ్డకు రంగు అంటితే, ఆ దారాన్ని తెల్లదారం పక్కన వాడకండి.

ఇక సూది పట్టుకోండి. దారం కొసన ఒక జారుముడి వేసి, ఆ ఉచ్చులో సూదిని దూర్చండి. దారాన్ని సూదిమీదుగా వేసి, కొక్కెంతో పట్టి, ఉచ్చులోనుంచి ఇవతలికి లాగండి. ఒక గొలుసు కన్ను తయారయింది. ఇట్లాగే మరొకటి చేయండి. రెండు కళ్ళు చాలు.

ఇప్పుడు అసలు కుట్టు. మొట్టమొదట చేసిన గొలుసు కన్నులోకి సూదిని దూర్చి, దారాన్ని పట్టి ఇవతలికి లాగండి. సూదిమీద రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్ళీ దారం పట్టి ఆ రెండు ఉచ్చుల్లోనుంచీ ఒక్కసారే లాగండి. ఒక కుట్టు అయింది. దీన్ని పొట్టికుట్టు అందాం. అదే కన్నులో ఇట్లాంటివి ఆరు వేయండి. చిన్న పువ్వులాగా గుండ్రంగా ముడుచుకుంటుంది. ఇది మన మొదటి వరస. ఇకమీద వరస ముగించకుండా గుండ్రంగా పైపైకి అల్లుకుంటూ పోవాలి. వరస ఎక్కడ మొదలైందో మరచిపోకుండా, అక్కడ వేరే రంగు దారపుముక్క ఒకటి గుర్తుగా పెట్టుకోండి. తప్పు పడితే భయంలేదు. సూది తీసి దారం లాగితే అల్లిక ఊడివస్తుంది. మళ్ళీ అల్లుకోవచ్చు.

ఈ ఒక్క కుట్టుతోనే మూడు రకాల వస్తువులు చేయవచ్చు. మొదటిది పళ్ళెంలాగా బల్లపరుపుగా ఉండేది. రెండవది గిన్నెలాగా లేచేది. మూడవది కోడిజుత్తు పువ్వులాగా మెలికలు తిరిగేది. దారం అదే, సూది అదే, కుట్టు అదే, అల్లే చేయీ అదే. మరి తేడా ఎక్కడుంది? ఒక్క లెక్కలోనే ఉంది.

పళ్ళెం సంగతి మొదట చూద్దాం. రెండో వరసలో, కిందనున్న ప్రతి కుట్టులోనూ రెండేసి కుట్లు వేయండి. ఆరు పన్నెండు అవుతాయి. మూడో వరసలో ఒక కుట్టు విడిచి ఒక కుట్టులో రెండేసి వేయండి. పద్దెనిమిది అవుతాయి. నాలుగో వరసలో రెండు కుట్లు విడిచి మూడోదానిలో రెండు వేస్తే ఇరవైనాలుగు. ఇట్లా వరసకు ఆరు చొప్పున పెంచితే 6, 12, 18, 24, 30, 36 అవుతాయి. అల్లిక బల్లమీద పడుకున్నట్టు చదునుగా ఉంటుంది.

ఆరే ఎందుకు పెంచాలి? ఐదో, తొమ్మిదో ఎందుకు కాకూడదు? జవాబు మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. వృత్తం చుట్టుకొలత తెలియాలంటే వ్యాసాన్ని 22/7తో హెచ్చవేస్తాం గదా! వ్యాసార్థం ఒక అంగుళం పెరిగితే వ్యాసం రెండు అంగుళాలు పెరుగుతుంది. చుట్టుకొలత 44/7 అంగుళాలు, అంటే సుమారు ఆరుంబావు పెరుగుతుంది. పొట్టికుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. కాబట్టి ఒక వరస, అంటే ఒక కుట్టు ఎత్తు పెరిగినప్పుడల్లా చుట్టూరా సుమారు ఆరు కుట్లకు కొత్తగా చోటు దొరుకుతుంది. ఆ చోటును సరిగ్గా నింపితే పళ్ళెం వస్తుంది. బడికి పోని ముసలమ్మ కూడా "వరసకు ఆరు" అని ఠక్కున చెప్పగలదు. ఆమె చెప్పేది 22/7 కథే.

రెండవది గిన్నె. ఇరవైనాలుగు కుట్ల దాకా పళ్ళెంలాగా అల్లి, ఆపైన పెంచడం మానేయండి. వరసకు ఇరవైనాలుగే వేస్తూ పొండి. ఉన్న చోటుకంటె కుట్లు తక్కువయినాయి. కనుక అంచు లోపలికి లాక్కుని, అల్లిక గిన్నెలాగా లేస్తుంది. టోపీలు అల్లేది ఇట్లాగే. తరవాత కుట్లు తగ్గిస్తూ వచ్చి మూతి మూసేస్తే బంతి అవుతుంది.

ఇప్పుడు మూడవది, మన కొత్త అల్లిక. దీని సూత్రం అన్నిటికంటె సులువు. ప్రతి వరసలోనూ, ప్రతి కుట్టులోనూ రెండేసి కుట్లు వేయడమే. విడవడం లేదు, ఆగడం లేదు. మొదటి వరస 6, రెండోది 12. ఇంతవరకూ పళ్ళెంలాగే ఉంది. మూడోది 24, నాలుగోది 48, ఐదోది 96, ఆరోది 192. ఆరో వరస దగ్గర పళ్ళెంలో అయితే 36 కుట్లకు చోటుంది. మనం తెచ్చి కూర్చోబెట్టినవి 192! ముప్ఫయి ఆరుగురు కూర్చునే బంతిలో నూట తొంభై రెండుమంది కూర్చుంటే ఏమవుతుంది? ఒకరు ముందుకూ, ఒకరు వెనక్కూ జరగాలి. కుట్లూ అంతే చేస్తాయి. అంచు పైకీ కిందికీ ఉబ్బి, అలలు అలలుగా మెలికలు తిరుగుతుంది. మీరు వంచనక్కరలేదు, మడవనక్కరలేదు. లెక్కే దాన్ని వంచుతుంది.

మిగిలిన దారానికీ ఈ అల్లికకూ చక్కగా కుదిరే సంగతి ఒకటున్నది. ఆరు వరసల కుట్లూ కూడండి. 6, 12, 24, 48, 96, 192 కలిపితే 378. ఏడో వరస ఒక్కదానికే 384 కావాలి. అంటే అంతకుముందు వేసిన అన్ని కుట్లకంటె ఆరు ఎక్కువ! ఎన్నో వరస అయినా సరే ఇంతే: వచ్చే వరసకు కావలసింది, ఇంతవరకూ అల్లిందంతా కలిపి, ఇంకో ఆరు. చదరంగం గళ్ళలో మొదటిదానిలో ఒక గింజ, రెండోదానిలో రెండు, మూడోదానిలో నాలుగు చొప్పున ధాన్యం అడిగిన వాడి కథ మీరు వినే ఉంటారు. రాజుగారి ధాన్యపు కొట్లు ఖాళీ అయినట్టే, మన డబ్బా కూడా ఖాళీ అవుతుంది.

అందుకని ముందే లెక్క చూసుకోవాలి. పది కుట్లు అల్లి, వాటిని విప్పి, ఎంత దారం పట్టిందో కొలవండి. మాటకు 30 సెంటీమీటర్లు పట్టిందనుకుందాం. అప్పుడు మొదటి రెండు వరసలకు 54 సెంటీమీటర్లు చాలు. మూడో వరసకు 72 సెంటీమీటర్లు. నాలుగోదానికి దాదాపు మీటరున్నర. ఐదోదానికి మూడు మీటర్లకు కాస్త తక్కువ. ఆరోదానికి దాదాపు ఆరు మీటర్లు కావాలి. కాబట్టి మీ దారపుముక్కలను పొడుగు వరసన పేర్చుకోండి. అన్నిటికంటె చిన్నముక్క నడిమధ్యకు, అన్నిటికంటె పెద్దది అంచుకు. ముడి వేసుకోవడానికీ, దాచుకోవడానికీ ప్రతి ముక్కకూ రెండు వైపులా ఒక బెత్తెడు చొప్పున అదనంగా ఉంచుకోవాలి. ఇట్లా చేస్తే, ఎందుకూ పనికిరాదనుకున్న జానెడు ముక్కలు కూడా ఒకదానికొకటి తోడై మధ్యలో ఇమిడిపోతాయి.

రంగు మార్చడానికీ ఒక పద్ధతి ఉంది. పాత రంగుతో వేసే చివరి కుట్టులో, సూదిమీద రెండు ఉచ్చులు మిగిలినప్పుడు ఆగండి. ఆ రెండింటిలోనుంచీ కొత్త రంగు దారాన్ని లాగండి. తరవాతి కుట్టునుంచి కొత్త రంగు శుభ్రంగా మొదలవుతుంది. వేలాడే రెండు కొసలనూ వరస అంచుమీద పడుకోబెట్టి, వాటిమీదుగానే కుట్లు వేస్తూ పోతే అవి లోపల దాగిపోతాయి. అల్లిక పూర్తయినాక దారం కత్తిరించి, ఆఖరి ఉచ్చులోనుంచి లాగి బిగిస్తే సరి.

మీ చేతిలో ఉన్న ఆ మెలికల పువ్వును ఇప్పుడు బాగా చూడండి. ఇట్లాంటిది ప్రకృతిలో ఎక్కడ చూశారు? కోడిజుత్తు పువ్వు అంచు చూడండి. చెట్టు మొద్దులమీద పెరిగే కొన్ని రకాల పుట్టగొడుగుల్ని చూడండి. సముద్రంలోని కొన్ని పగడపు జీవులూ ఇట్లాగే ఉంటాయి. కొద్దిచోటులోనే ఎక్కువ వైశాల్యం ఇమడడం ఈ రూపానికున్న సుగుణం. ఉన్నచోటనుంచి కదలలేని పగడపు జీవికి, చుట్టూ ఉన్న నీటిలోనుంచి ఆహారం పట్టుకోవడానికి వైశాల్యం ఎంత ఎక్కువ ఉంటే అంత మేలు.

గణితశాస్త్రంలో ఈ రూపానికి అతిపరావలయ తలం అని పేరు. పేరు పెద్దదే గాని, దాని కథ వినదగినది. క్రీస్తుకు పూర్వం సుమారు 300లో యూక్లిడ్ అనే గ్రీకు పండితుడు రేఖాగణితాన్ని ఒక క్రమంలో పెట్టి గ్రంథం రాశాడు. అందులో నిరూపణ లేకుండా ఒప్పుకోవలసిన సంగతులు కొన్ని చెప్పాడు. సమాంతర రేఖల గురించి ఆయన చెప్పినదాన్ని మనం బడిలో ఇట్లా చదువుకుంటాం: ఒక సరళరేఖా, దానికి బయట ఒక బిందువూ ఉంటే, ఆ బిందువు ద్వారా మొదటి రేఖను ఎన్నడూ కలుసుకోని రేఖ ఒక్కటే గీయగలం. ఇది నిజంలాగే కనిపిస్తుంది. కాని నిరూపించబోయిన వాళ్ళంతా ఓడిపోయారు. చివరకు రష్యాలో లొబచేవ్‌స్కీ 1829లోనూ, హంగరీలో బోల్యాయి 1832లోనూ ఒక వింత సంగతి ప్రకటించారు. ఆ నియమం చదునైన తలానికే చెల్లుతుంది. అట్లాంటి రేఖలు ఒకటి కాదు, ఎన్నో ఉండగల తలాన్ని కూడా ఊహించవచ్చు, దానిలో ఏ తప్పూ దొరకదు!

అయితే ఆ తలాన్ని చేత్తో పట్టుకుని చూసేదెట్లా? కాగితపు పట్టీలను అంటించి నమూనాలు చేశారు. కాని అవి నలిగిపోయేవి, చినిగిపోయేవి. 1997లో లాత్వియా దేశానికి చెందిన డైనా టైమినా అనే గణితశాస్త్రజ్ఞురాలు అట్లాంటి కాగితపు నమూనా చూసింది. ఆమె అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసేది. చిన్నప్పుడే ఆమె అల్లిక నేర్చుకున్నది. దీన్ని దారంతో చేస్తే చినగదు గదా అని ఆమెకు తోచింది. మొదట రెండు సూదుల అల్లిక ప్రయత్నించింది. అందులో ఒక చిక్కు ఉన్నది. వరసలోని కుట్లన్నీ సూదిమీదే ఉండాలి. వరస వరసకూ కుట్లు పెరిగిపోతుంటే సూది పట్టదు. కొక్కెం అల్లికలో అయితే, వేల కుట్లు వేసినా సూదిమీద ఉండేది ఒక్క ఉచ్చే. అందుకని ఆమె కొక్కెం పట్టింది. పండితులు ఊహలోనే చూస్తూ వచ్చిన తలాన్ని విద్యార్థులు చేతిలోకి తీసుకుని, మడిచి, విప్పి చూడగలిగారు. ఈ అల్లికల గురించి ఆమె 2009లో ఒక పుస్తకం రాసింది. దానికి 2012లో ఆయిలర్ పేరుమీద ఇచ్చే గణిత గ్రంథ బహుమానం వచ్చింది.

ఆ ప్రయోగం మీరూ చేయవచ్చు. దీనికి ప్రతి కుట్టునూ రెట్టింపు చేసిన అల్లిక పనికిరాదు. అది మరీ ముడతలు పడి మడత నిలవదు. ముప్ఫయి కుట్ల దాకా పళ్ళెంలాగా అల్లి, ఆపైన ప్రతి ఐదు కుట్లకు ఆరు చొప్పున నెమ్మదిగా పెంచుతూ, బెత్తెడు వెడల్పు దాటి, అంచు బాగా అలలు తిరిగేదాకా అల్లండి. దాన్ని ఒకచోట మడవండి. కాగితాన్ని మడిస్తే మడతగీత సరళరేఖ అయినట్టే, ఇక్కడా మడతగీతే సరళరేఖ. ఆ గీతవెంట తెల్లదారంతో టాకాలు వేయండి. దానికి దూరంగా ఒక గుర్తు పెట్టుకుని, ఆ గుర్తుమీదుగా పోయే మడత ఒకటి, మరోవాలులో ఇంకొకటి, తెల్లగీతను తాకకుండా మడిచి టాకాలు వేయండి. అల్లికను పరచి చూస్తే, ఆ రెండు గీతలూ ఒకే బిందువులోనుంచి బయలుదేరి, అంచులవైపు పోయేకొద్దీ తెల్లగీతకు దూరంగా తొలగిపోతాయి. యూక్లిడ్ చెప్పినట్టు ఒకటి కాదు, ఎన్నయినా వేయవచ్చు. అట్లాగే మూడు మడతలతో ఒక త్రిభుజం చేసి మూడు కోణాలూ కొలవండి. మొత్తం 180 డిగ్రీలకు తక్కువ వస్తుంది. మీ అల్లిక బంతిమీద త్రిభుజం గీస్తే 180కి ఎక్కువ వస్తుంది. పళ్ళెంమీదే సరిగ్గా 180.

ఈ అల్లికనుంచి మరో మంచిపని కూడా పుట్టింది. ఆస్ట్రేలియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మార్గరెట్ వర్థైమ్, క్రిస్టీన్ వర్థైమ్ అనే కవల అక్కచెల్లెళ్ళు 2005లో ఈ పద్ధతిలో పగడపు దీవిని అల్లడం మొదలుపెట్టారు. వాళ్ళ ప్రాంతపు సముద్రంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున పగడపు దిబ్బలున్నాయి. సముద్రపు నీరు వేడెక్కితే, పగడపు జీవుల ఒంట్లో కాపురముండి వాటికి తిండిపెట్టే సూక్ష్మమైన నాచు వాటిని విడిచిపోతుంది. పగడాలు తెల్లబడతాయి. వేడి చాలాకాలం తగ్గకపోతే చచ్చిపోతాయి. మన లక్షదీవుల్లోనూ, అండమాన్‌లోనూ, మన్నారు సింధుశాఖలోనూ పగడాలకు ఈ ఆపద వచ్చింది. ఆ సంగతి పదిమందికీ తెలియాలని అక్కచెల్లెళ్ళు అల్లికకు పూనుకున్నారు. లెక్కను అక్కడక్కడ కొంచెం తప్పించి, ఒకచోట ఎక్కువా మరోచోట తక్కువా పెంచితే, అల్లిక ఇంకా జీవకళతో ఉంటుందని వాళ్ళు కనుక్కున్నారు. ఎన్నో దేశాల్లో వేలమంది వాళ్ళతో చేయి కలిపారు. 2010లో ఆ దారపు పగడాలను వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో ఉంచారు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు విద్య అనుకోకండి. పశ్చిమగోదావరి జిల్లాలో, వశిష్ఠ గోదావరి ఒడ్డున నర్సాపురం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతానికి తెచ్చిన ఈ కొక్కెం అల్లిక, చుట్టుపక్కల ఊళ్ళలోని స్త్రీల చేతుల్లో నిలదొక్కుకుని విదేశాలకు ఎగుమతి అయింది. అక్కడ పని పంచుకుని చేస్తారు. పువ్వులు అల్లేది చేతిపని, ఆ పువ్వులను కలిపి దుప్పటిగానో బల్లగుడ్డగానో చేసేది అతుకుపని. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కాని ఆ చేతులకు తగిన గౌరవం దొరికిందా? మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడి స్త్రీల జీవితాన్ని పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. రోజంతా అల్లి, వస్తువు లెక్కన స్వల్పమైన కూలి తీసుకునే ఆ స్త్రీలను ఎవరూ పనివాళ్ళుగా చూడడంలేదనీ, ఇంట్లో తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకునేవాళ్ళుగానే లెక్కకట్టారనీ ఆమె రాసింది. వాళ్ళ లేసు ఓడలెక్కి దేశాలు దాటినా, వాళ్ళ పని మాత్రం పనుల లెక్కలోకి రాలేదు. చేత్తో చేసే పనిలో తెలివి ఉండదనుకునేవాళ్ళకు ఆ పని కనపడదు. కాని ఏ కుట్టు దగ్గర పెంచాలి, ఎక్కడ విడవాలి, ఎన్నో వరసలో ఆపాలి అన్నది క్షణక్షణం లెక్కిస్తేనే ఆ పువ్వు చదునుగా కూర్చుంటుంది. ఒక్క కుట్టు ఎక్కువైతే అంచు అలలు తిరుగుతుంది, తక్కువైతే ముడుచుకుంటుంది. టైమినా చేతిలో గణితమైనదీ, నర్సాపురం చేతుల్లో కాలక్షేపమనిపించుకున్నదీ ఒకటే విద్య.

మీ మెలికల పువ్వు పూర్తయిన తరవాత, మీ ఇంట్లోనో చుట్టాలింట్లోనో ఒక లేసు గుడ్డ ఉంటే తీసి చూడండి. అందులో ఒక్క పువ్వును ఎంచుకుని, మధ్యనుంచి మొదలుపెట్టి వరసకు ఎన్ని కుట్లు పెరిగాయో లెక్కపెట్టి కాగితంమీద రాయండి. తరవాత గుడ్డ మొత్తంమీద అట్లాంటి పువ్వులు ఎన్నున్నాయో చూసి హెచ్చవేయండి. వచ్చిన అంకె మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.